సాక్ష్యం తర్వాతే పొట్లం

హిందూపురంలో ధర్మవరం రైలెక్కి బైబిలు తెరిచాను. పక్కన కూర్చున్న అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో, అది చూసి మాట కలిపింది.

“చర్చివాళ్లా సార్? మా హాస్టలుకూ ఆదివారాలు వస్తాండిరి. లేచి నిలబడి సాక్ష్యం చెప్తేనే బిర్యానీ పొట్లం.”

“ఏం చెప్పేవాళ్లు?”

“మా నాయన సచ్చిపోయినాడు, ఇప్పుడు ఏసయ్యే నాకు నాయన అని. అప్పుడు మా నాయన బతికే ఉండె సార్, బెంగళూరులో కూలికి పోయుండె. వార్డెనమ్మ అట్లే చెప్పమనె. మూడేండ్లు చెప్పినా. పోయిన నెల నిజంగానే సచ్చిపోయినాడు. పీనుగ ముందర కూర్చుంటే నాకు బిర్యానీ వాసనే వచ్చె.”

మా చర్చివాళ్లతో నేను వెళ్లేది వేరే హాస్టలుకు. పద్ధతి మాత్రం అదే. నాయన లేడని చెప్పిన పిల్లలకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది నేనే.

పెనుకొండ దాటాక ఆమె సంచిలోంచి ఉడకబెట్టిన శెనక్కాయలు తీసింది. బైబిలు మూసి పక్కన పెట్టాను. “తినండి సార్” అంటూ సగం నా దోసిట్లో పోసింది. నన్నేమీ అడగలేదు.

తర్వాతి ఆదివారమూ మేం వెళ్లే హాస్టల్లో సాక్ష్యాలయ్యాకే పొట్లాలిచ్చారు. నేను చేసిందల్లా చప్పట్లు కొట్టకపోవడమే.