కుట్టాలా, కొట్టాలా

షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంటు కింద, నా కారు నిలబడాల్సిన చోట, రెండు ప్లైవుడ్ షీట్లు గోడకానుకుని నెల రోజులుగా నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకదాని అంచున రంపం పెట్టి, రెండు జానలు కోసి, భయపడి ఆపేశాను. ఆ కోత దగ్గర నుంచి ఇప్పటికీ ఒక వాసన వస్తుంది, కాస్త మాడిన బెల్లం, కాస్త తడిసిన పుస్తకం. నేను చెయ్యాలనుకున్నది కయాక్, అంటే ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. వానొస్తే మా రోడ్డు మీద ఆఫీసు క్యాబులు తేలుతాయి కాబట్టి దీన్ని విలాసం అనడానికి కూడా లేదు. చేసే దారులు రెండు. పక్కటెముకల్లా చట్రం పేర్చి, దాని మీద పలకలు పరిచి మేకులు కొట్టడం ఒకటి. చట్రమే లేకుండా పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, రాగితీగతో గుడ్డ కుట్టినట్టు కుట్టి, ఆ కుట్ల మీద జిగురు పూసి గుడ్డపట్టీ అతికించడం రెండోది. ఆఫీసులో రోజుకు పది నిర్ణయాలు తీసుకునే నేను, అంటే పైవాళ్లు తీసుకున్నవి నావేనని ఒప్పుకునే నేను, ఈ ఒక్కటీ తేల్చుకోలేకపోయాను. కుట్టాలా, కొట్టాలా? తేడా ఒక్క గుణింతం. ఆ గుణింతం దగ్గరే చిన్నప్పుడు మా ఇల్లు పగిలింది.

మేముండేది పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. పొద్దున్నే వర్క్‌షాపు కూత, ఆ వెంటనే ఇనుము మీద ఇనుము పడే మోత, సాయంత్రం దాకా అదే. మా ఆటలూ దానికి తగ్గట్టే ఉండేవి. బొంగరాలాటలో ఓడినవాడి బొంగరాన్ని గిరి మధ్యలో పెట్టి, మిగతావాళ్లందరం మేకు దిగేలా మా బొంగరాలతో కొట్టి కొట్టి దాన్ని రెండు చెక్కలు చేసేవాళ్లం. వాడు ఏడుస్తుంటే ఆ చెక్కలు వాడి జేబులోనే పెట్టి పంపేవాళ్లం. నాయన వర్క్‌షాపులో వడ్రంగి. పాడకపోతే రేడియోని కొట్టేవాడు, వెలగకపోతే స్టవ్వుని కొట్టేవాడు, ఈ రెండూ బాగుంటే నన్ను కొట్టేవాడు. ఆయన చేతి దెబ్బ తినని వస్తువు ఇంట్లో గోడగడియారం ఒక్కటే. అది ఎత్తున ఉండేది, పైగా గంటలు తనే కొట్టుకునేది.

అమ్మ వైపు వాళ్లది కుట్టే వంశం. అమ్మ కుట్టుమిషను మీద లంగాలూ రవికెలూ కుట్టేది. ఆమె తమ్ముడు శీనయ్య మామ వాషర్‌మెన్‌పేట్‌లో గోనెసంచుల కొట్లో, జానెడు దబ్బనం పట్టుకుని రోజంతా సంచుల మూతులు కుట్టేవాడు. వాళ్ల నాయన పులికాట్ దగ్గర కొబ్బరితాడుతో పలకలు కలిపి పడవలే కుట్టేవాడట. నేను మాత్రం ఏ వైపూ పనికిరాలేదు, మాటకు కూడా. వీధిలో అరవం, ఇంట్లో తెలుగు. అరవంలో తేలు ‘కొడుతుంది’, మేష్టరు పిడికిలి ముడిచి నడినెత్తిన వేసేది ‘కుట్టు’. అందుకని నా నోట్లో ఆ రెండు మాటలూ ఎప్పుడూ ఒకదాని చొక్కా ఒకటి తొడుక్కుని తిరిగేవి. “అమ్మా, తేలు కొట్టింది” అని నేను కాలు పట్టుకుని ఏడుస్తూ వస్తే, అమ్మ ముందు నవ్వి, “కర్ర పట్టుకోనొచ్చి కొట్టిందా నాయనా?” అని, తర్వాత సున్నం రాసేది.

ఒక ఏడాది కార్తీకంలో వాన మా వీధిని నడుముల్లోతు ముంచింది. మరుసటేడు అదే నెలకు అమ్మకు నెలలు నిండుతాయని లెక్క తేలింది. నీళ్లొస్తే ఆసుపత్రికి ఎట్లా? పడవ కావాలని నాయనా మామా ఇద్దరూ ఒకేసారి అన్నారు, వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడింది అంతవరకే. ప్లైవుడ్ వచ్చింది. నాయన మేకులన్నాడు, మామ కుట్లన్నాడు.

“అంచుల్లో మేకు దిగితే పొరలు ఇచ్చుకపోతాయి బావా, ప్లైవుడ్ గదా ఇది.”

“ఆహా! రైలు పెట్టెలు కట్టేవోడికి గోనెసంచుల మేస్త్రి పాఠమా? కుట్టేదానికి ఇదేమన్నా మీ అక్క జాకెట్టా?”

వారం రోజులు ఆ పలకల మీద ఇట్లాగే మాటలు విసురుకున్నారు. పలకలు మాత్రం కదల్లేదు.

దీపావళి నాడు, నెత్తిన కారుతున్న నూనెతో, నోట్లో ఇంకా పండగపూట అరుగుదలకు పెట్టే లేహ్యం ఘాటుతో, అమ్మ ఇచ్చిన అధిరసాల, అంటే అరిసెల, డబ్బా పట్టుకుని మామ దగ్గరికి వెళ్లాను. మామ ఒకటి నమిలి, చెయ్యి తుడుచుకుని అన్నాడు: “మీ నాయనకి చెప్పురా. సాయంత్రం నేనే వచ్చి కుడతా. ఆయన చెయ్యి పెట్టకుండా గమ్మునుంటే సాలు.”

బస్సులో దారిపొడుగునా వల్లించుకుంటూ వచ్చాను. వచ్చి అప్పజెప్పాను: “నాయనా, సాయంత్రం మామే వచ్చి కొడతాడంట. నువ్వు చెయ్యి పెట్టకుండా గమ్మునుంటే సాలంట.”

నాయన లోపలికి వెళ్లి సుత్తి తీశాడు. పిడి వదులైందేమోనని చూసుకుని, దాన్ని నీళ్లలో నానబెట్టాడు.

మామ వచ్చేసరికి వీధంతా టపాసుల పొగ. ఒక చేతిలో రాగితీగ చుట్ట, ఇంకో చేతిలో దబ్బనం. నాయన గుమ్మంలోనే అడిగాడు.

“వస్తివా కొట్టేదానికి?”

“వస్తి. ఏం?”

నాయన అడిగిన మాట ఒక లక్ష్మీబాంబు మోతలో పడి నలిగింది. మామకు వినిపించింది ‘కుట్టేదానికి’ అయి ఉంటుందని ఆ క్షణంలో నాకు తెలిసింది. నాయన సుత్తి మామ తలకు గురిపెట్టి వేశాడు, మామ అడ్డం పెట్టిన ఎడమచేతి బొటనవేలు గుమ్మానికీ సుత్తికీ మధ్య చితికింది. మామ అరుస్తూ దబ్బనం నాయన ముంజేతిలో దింపాడు. అది అటు నుంచి ఇటు వచ్చింది. ఇద్దరూ పలకల మీద పడి దొర్లారు, కొరుక్కున్నారు. అమ్మ తొమ్మిదో నెల కడుపుతో మధ్యకొచ్చి బకెట్టు నీళ్లు గుమ్మరించేదాకా విడిపోలేదు. నెత్తురు ప్లైవుడ్‌లోకి ఇంకి, ఎంత రుద్దినా పోలేదు.

“నా గడప తొక్కితే నరుకుతా” అన్నాడు నాయన. మామ మళ్లీ తొక్కలేదు. నేను నిజం చెప్పలేదు. చెబితే కొట్టేవాడు; చెప్పకపోబట్టి అమ్మకు తమ్ముడు లేకుండా పోయాడు, నాకు దెబ్బ తప్పింది.

నాయన మేకులే కొట్టాడు. పదిహేనో రోజున తుపాను వచ్చింది, మధ్యాహ్నానికి నీళ్లు నాయన గుండెల దాకా ఎక్కాయి, అమ్మకు నొప్పులూ అప్పుడే ఎక్కాయి. ఆమెను పడవలో పడుకోబెట్టి నాయన తోస్తుంటే నేను వెనక ఒక డ్రమ్ము పట్టుకుని ఈదుతున్నాను. టీకొట్టు మలుపులో ఒక దూలం కొట్టుకొచ్చి తగిలింది. పడవ అంచున పొరలు పుస్తకంలా తెరుచుకున్నాయి, మేకులు ఒక్కొక్కటే పళ్లూడినట్టు ఊడాయి.

“వాడు కుట్టింటే నిలిచుండేది” అంది అమ్మ, నొప్పి మధ్యలో.

నాయన తడిచేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. ఆ మరుక్షణమే ఆ చేత్తోనే ఆమెను భుజానికెత్తుకుని, నీళ్లను బూతులు తిడుతూ, బిగ్గరగా ఏడుస్తూ, ఆసుపత్రి దాకా నడిచాడు. చెల్లి బతికింది, అమ్మ బతికింది. నీళ్లు తీశాక నాయన ఆ పడవను అదే సుత్తితో ముక్కలు చేశాడు, చెల్లి స్నానాల నీళ్లు పది రోజులు వాటితోనే కాగాయి.

నాయన పోయిన రోజు మామ వీధి చివర చెప్పులు విప్పి నిలబడ్డాడు, లోపలికి రాలేదు. పోయిన ఆదివారం నేనే వాషర్‌మెన్‌పేట్ వెళ్లాను. గోనెసంచులు పోయి ప్లాస్టిక్ సంచులొచ్చాయి, వాటి మూతులు మిషన్లే కుడుతున్నాయి. మామ అక్కడే కాపలా పని చేస్తున్నాడు. కయాక్ సంగతి చెప్పి, ఆ సంగతి వెనక దాక్కున్న అసలు సంగతీ చెప్పాను, మేష్టరు ముందు నిలబడ్డట్టు నిలబడి. తప్పు నాది మామా, గుణింతం నాది అన్నాను.

మామ కాపలా కర్ర గోడకానించాడు.

“నాకు సరిగానే ఇనపడిందిరా. కొట్టేదానికా అనే అడిగినాడు. ఆ, వస్తి అన్నా. వారం నుంచీ చెయ్యి దురదగా ఉండె.”

అది నిజమో, నా కోసం అక్కడికక్కడ కుట్టిన కథో నాకు తెలియదు. అడుగుదామని నోరు తెరిచాను. నడినెత్తిన ఠంగుమని ఒకటి పడింది.

“ఇది అరవ కుట్టు. ఇన్నేండ్లకి చెప్తావా, తిరుట్టు నాయాలా, దొంగ నాయాలా!”

ఇప్పుడు మామ మా పార్కింగులో కుర్చీ వేసుకుని కూర్చుని, వంకర తిరిగిన బొటనవేలితో బెజ్జాలు ఎక్కడ వెయ్యాలో చూపిస్తున్నాడు. తీగ మెలిపెట్టడం ఆ వేలికి చేతకాదు, నేనే పెడుతున్నాను, వంకరగా. పెరంబూరులో మా క్వార్టర్స్ పడగొట్టేశారు. ఆ టీకొట్టు లేదు, బొంగరాలు లేవు, నాయన సుత్తి ఎవరు తీసుకుపోయారో తెలియదు. లిఫ్టు తలుపు తెరుచుకుని అమ్మ వచ్చింది, గడప లేని ఈ చోట తమ్ముడి ఎదురుగా నిలబడింది.

“వేలు ఇంకా నొస్తాందా రా?”

“వానొస్తేనే అక్కా.”

అమ్మ తల పైకెత్తి, మబ్బు పట్టిందేమోనని సిమెంటు కప్పు వైపు చూసింది.