అందరికీ లైకు కొట్టే మా ఊరు

ఈ రోజు పొద్దున బుక్కరాయసముద్రంలో మా ఓబులమ్మక్క టీ బంకు దగ్గరికి ల్యాప్‌టాప్ పట్టుకొని ఒక ధర్మవరం అమ్మాయి వచ్చింది. ఈ ఎన్నికల్లో మా జనం ఏమనుకుంటున్నారో సోషల్ మీడియా చూసి ఒక పార్టీకి చెప్పడం ఆమె ఉద్యోగం. పాపం, తల పట్టుకొని కూర్చుంది.

"ఏమన్నా, మీ ఊర్లో ప్రతి మనిషీ రెండు పార్టీలకూ లైకు కొట్టినాడు. ఇదేం కథ?" అని టీ తాగుతున్న నన్నడిగింది.

"కొట్టకపోతే ఎట్లమ్మా? ఈ పార్టీవాడు నా బామ్మర్ది, ఆ పార్టీవాడు పక్కింటాయప్ప. ఈడ లైకంటే పెండ్లిలో చదివింపుల మాదిరి. ఓటు సంగతి వేరే!" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మరి జనం మనసులో ఏముండాదో నాకెట్ల తెలుస్తాది?"

"నాయకుల పోస్టులు వదిలేయ్. మా ఓబులమ్మక్క పెట్టిన ఎండిపోయిన కొళాయి వీడియో చూడు."

చూసింది. దాని కింద రెండు పార్టీలవాళ్లూ పోట్లాడుకోకుండా తమ తమ వీధి కొళాయిల గోడు రాసుకున్నారు. "నా రిపోర్టులో మొదట ఇదే పెడతా" అంది.

గ్లాసులు కడుగుతున్న ఓబులమ్మక్క తలెత్తింది. "అయితే నీళ్లొస్తాయా పాపా?"

"అది నేను చెప్పలేనక్కా. 'మాకు తెలీదు' అని మాత్రం ఇంక ఆ పార్టీవాళ్లు అనలేరు."

ఆ మాటకు ఓబులమ్మక్క ఆమె దగ్గర టీ దుడ్లు తీసుకోలేదు. నా దగ్గర మాత్రం ముక్కుపిండి వసూలు చేసింది.

మీ వీధిలో నీళ్లెట్లున్నాయో కింద రాయండి, ఆ అమ్మాయి చదువుతానంది. నన్ను తిట్టాలనుకున్నవాళ్లు ఇంకో పోస్టు చూసుకోండి.