ఆడవాళ్ళ బంతిలో ఒక చెంబు నీళ్ళు

నా చిన్నప్పుడు, ధర్మవరంలోని మా ఇంట్లో మగవాళ్ళు ముందు తినేవాళ్ళు, ఆడవాళ్ళు తర్వాత. మగ్గం గుంటలోంచి లేచి, కాళ్ళు కడుక్కుని, తాత, నాయన, చిన్నాయన ఒక బంతిగా కూర్చునేవాళ్ళు. ఆ బంతి చివర నాకూ చోటు దొరికిన ఏడాది పెద్దవాణ్ణయిపోయానని మహా గర్వపడ్డాను.

నాయనకు తమ్ముడని అప్పట్లో చిన్నాయన అనే పిలిచేవాళ్ళం. మగ్గం మీది నుంచి కొత్త చీర దిగితే చాలు, మెరుగు చూసే సాకుతో కొంగు భుజాన వేసుకుని అద్దం ముందు కాసేపు నిలబడేవాడు. ఆ కాసేపూ ఆ ముఖం ఎంత నెమ్మదిగా ఉండేదో! తలుపు సందులోంచి అది చూసినవాణ్ణి, చూసి ఊరుకోలేదు. మధ్యాహ్నం బంతిలో తువ్వాలు కొంగులా వేసుకుని, చిన్నాయన అద్దం ముందు నిలబడే తీరు చేసి చూపించాను. నాయన పొలమారేలా నవ్వి, "ఏమప్పా, గాజులు కూడా తెప్పించేదా?" అన్నాడు తమ్ముడితో. ఆ నవ్వులు ఆగకముందే చిన్నాయన ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బంతికి రాలేదు. మగ్గం చప్పుడు ఆగిపోయింది. రైలు కట్ట మీద ఒంటరిగా కూర్చుంటున్నాడని పక్కింటి అక్క వచ్చి చెప్పగానే, అవ్వ చేతిలో చేట అక్కడే పడేసి పరుగెత్తింది. ఆ కట్ట మీద ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

మరునాడు మేము తిని లేచాక, అవ్వ ఆడవాళ్ళ బంతిలో తన పక్కన ఇంకో కంచం పెట్టి, చిన్నాయనను పిలిచింది.

"రా అమ్మీ, ఈడ కూచో. నీ చోటు ఇదే."

"నలుగురూ నవ్వరా అమ్మా?" అన్నాడు నాయన, గడప దగ్గర నిలబడి.

"నవ్వేటోళ్ళు నవ్వనీరా. నా బిడ్డ బతికుంటే నాకు చాలు." అవ్వ నావైపు తిరిగింది. "మీ అత్తకు నీళ్ళు తేపో."

చెంబు తెచ్చాను. ఆమె చెయ్యి చాచి, నా నోటివెంట 'అత్తా' అన్న పిలుపు వస్తుందేమోనని చూసింది. నేను చెంబు కింద పెట్టేసి బయటికి పోయాను. ఆమె అన్నం కలుపుకుంది. ఎన్నాళ్ళకో కడుపు నిండా తింది.

మగ్గం మళ్ళీ ఆడింది. ఇంట్లో ఒక్కొక్కరూ ఆ వరస నేర్చుకున్నారు, నాయన కూడా. నేను మాత్రం ఏ వరసా లేకుండా "ఇదిగో" అంటూ నెట్టుకొచ్చాను. హిందూపురంలో నా పెళ్ళినాడు, ఆడపెళ్ళివారి కళ్ళబడకుండా ఆమెను వంటల వైపు కూర్చోమన్నాను కూడా. అప్పుడు నేను చిన్నపిల్లవాణ్ణి కాదు.

మొన్న పెనుకొండలో ఆమె ఉంటున్న ఇంటికి వెళ్ళాను. దగ్గుతూ మంచం మీద లేచి కూర్చుంది. కుండలోంచి నీళ్ళు ముంచి, రెండు చేతులా అందించాను.

"అత్తా, నీళ్ళు."

ఆమె చెంబును చూసింది, నన్ను చూసింది. బోసినోటితో నవ్వింది.

"ఏమబ్బా, ఒక చెంబు నీళ్ళు తెచ్చేకి ఇన్నేండ్లా?"

తాగేదాకా పక్కనే నిలబడ్డాను.

మా ఇంట్లో ఇప్పుడు వేరు బంతులు లేవు. అయినా ఎవరింట భోజనానికి వెళ్ళినా, కూర్చునే ముందు ఒకసారి చుట్టూ చూస్తాను, చోటు దొరకక గోడవారన ఎవరైనా నిలబడ్డారేమోనని. ఉంటే వరస పెట్టి పిలుస్తాను. నీళ్ళు నేనే తెచ్చిస్తాను.