ఖాజావలి కత్తుల గోడ

సౌదీలోని దమ్మామ్ పారిశ్రామిక వాడలో ఉన్న అబూ తుర్కీ మెషిన్ షాపుకు ఎవరు వెళ్లినా వాళ్ల చూపు ముందు ఆఫీసు గదిలో గోడకు వేలాడే కత్తుల మీద పడేది. అవి ఓనరువి అనుకునేవాళ్లు. పేరుకు ఆయనవే. నిజానికి వాటిని ఒక్కొక్కటిగా కూడబెట్టింది ఆ షాపులో లేతు మీద పనిచేసే ఖాజావలి. జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి వచ్చిన దూదేకుల మనిషి.

అన్నీ పాతకాలపు మోరో కత్తులు. ఫిలిప్పీన్స్ దక్షిణ దీవుల్లోని ముస్లిం తెగలను మోరోలంటారు. వాళ్ల కమ్మర్లు ఇనుమునూ ఉక్కునూ పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్లీ కాల్చి చేసినవి. తుప్పు గీకి నిమ్మరసం పూస్తే నల్లబడిన ఉక్కు మీద తెల్లటి గీతలు మెలికలు తిరుగుతూ పైకి తేలతాయి.

చమురు కంపెనీ క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒక అమెరికన్ ముసలాయన ఇంట్లో ఖాజావలి మొదటిసారి అలాంటి కత్తిని చూశాడు. పాత డ్రిల్లింగ్ మెషిన్ కొనడానికి ఓనరుతో కలిసి వెళ్లాడు. మెషిన్ సంగతి మరిచిపోయి ఆ కత్తినే చూస్తూ నిలబడ్డాడు. తను పక్కకు తప్పుకోలేదన్నదే అతనికి ఆశ్చర్యం.

కొడవలి కనిపిస్తే అతను ఆ దారి వదిలి పక్కకు తప్పుకునేవాడు. పదో తరగతి చదివే రోజుల్లో అన్న మస్తాన్‌వలిని అతని కళ్లముందే నరికారు. మస్తాన్‌వలి ఏ పార్టీ మనిషీ కాదు, ఒక నాయకుడి జీపు డ్రైవరు. నాయకుడు జీపులో లేడని తెలిశాక కూడా వచ్చినవాళ్లు వెనక్కి పోలేదు. టీ కొట్టు ముందు డ్రైవరును కిందికి లాగి వేటకొడవళ్లతో నరికారు. మొదటి వేటుకు చెయ్యి అడ్డం పెట్టాడు, చెయ్యి తెగింది. తర్వాత మెడ మీద కొట్టారు. ఒకడి కొడవలి ఎముకలో ఇరుక్కుంటే కాలితో తొక్కిపట్టి పీక్కున్నాడు. టీ కొట్టు బల్ల కింద నక్కిన ఖాజావలికి ఆ చప్పుడు జీవితమంతా వినిపిస్తూనే ఉంది.

అలాంటి మనిషి కత్తులు పోగేయడం తోటివాళ్లకు అంతుపట్టేది కాదు. ఉదయగిరి నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటర్ చెంచయ్య ఒకసారి అడిగేశాడు.

"ఎందుకన్నా నీకీ పాడు కత్తులు?"

"ఆ కొడవండ్లు ఒక్కపూటలో కొలిమిలో కొట్టినయిరా. మనిషిని సంపేదానికే. ఇవి నెలలు నెలలు కూచోని చేసినారు. ఇంత ఓపికుండేటోడు మంచోడే అయ్యుంటాడనిపిస్తాది," అన్నాడు ఖాజావలి.

ఇంట్లో పెట్టుకుంటే పోలీసులతో చిక్కని, అతని వీసాకు పూచీ ఉన్న కఫీల్ అబూ తుర్కీ వాటిని తన పేరు మీద ఆఫీసు గోడకు కొట్టించాడు. శుక్రవారాలు ఖాజావలి వాటికి నూనె పూస్తుంటే ఫిలిప్పీన్స్ వాళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లు. షాపులో ఆ దీవుల మోరోలు ఇద్దరుండేవారు. వెల్డర్ అమెరోల్, గ్రైండర్ పట్టే సరిపాడా. ఇద్దరిదీ ఒకే సరస్సు ఒడ్డు. రెండు కుటుంబాలకు తాతల నాటి నుంచి నేల తగాదా. అటు ఒకరు చస్తే ఇటు ఒకరు చావాల్సిందే. ఇక్కడ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పనిచేసుకుపోయేవాళ్లు.

ఖాజావలికి అమెరోల్ అంటే ఇష్టం. కంపిలన్ అనే పొడుగు కత్తిని రెండు చేతులతో ఎలా పట్టుకోవాలో చూపించింది అతనే.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ అమెరోల్‌కు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తన అన్నను బజారులో కాల్చేశారు. కాల్చింది సరిపాడా పినతండ్రి కొడుకు. అమెరోల్ అరవలేదు, ఏడవలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచాడు. కంపిలన్‌ను గోడ మీది నుంచి తీసుకుని బయటికొచ్చాడు.

సరిపాడా కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. మొదటి వేటు భుజం మీద పడింది. కండ చీలి ఎముక కనబడింది. అతను కుళాయిని పట్టుకునే కూలబడ్డాడు. నీళ్లు ఎర్రగా కాలువలోకి పారాయి.

"వలీ అన్నా! నరకతన్నాడన్నా!" చెంచయ్య క్రేన్ మీది నుంచి కేకపెట్టాడు.

ఖాజావలి పక్కనున్న ఇనుప కడ్డీ అందుకుని పరుగెత్తాడు. అమెరోల్ రెండో వేటుకు కత్తి ఎత్తాడు. ఖాజావలి రెండు చేతులా కడ్డీని అడ్డం పెట్టాడు. కత్తి కడ్డీ మీద ఖంగున పడి పక్కకు జారింది. ఖాజావలి ఎడమచేతి చివరి రెండు వేళ్లూ తెగి నేలమీద పడ్డాయి. నొప్పి తెలియలేదు. కడ్డీ తిప్పి అమెరోల్ మోచేతి మీద కొట్టాడు. ఎముక పటుక్కున విరిగింది. కత్తి జారిపోయింది. అక్కడితో ఆగాల్సింది, ఆగలేదు. మోకాలి మీద కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు. పడిపోయినవాడిని పళ్లు రాలేలా మూతి మీద కొట్టాడు. కొడుతూ తెలుగులో ఏవేవో పేర్లు పెట్టి తిడుతున్నాడు. అవి మస్తాన్‌వలిని నరికినవాళ్ల పేర్లని చెంచయ్యకు తర్వాతెప్పుడో తెలిసింది.

"అన్నా, చస్తాడన్నా, వదిలెయ్!" చెంచయ్య క్రేన్ దిగి పరుగెత్తుకొచ్చి వెనక నుంచి వాటేసుకుని లాగాడు.

పోలీసులొచ్చారు. కంపిలన్‌ను ప్లాస్టిక్ సంచిలో వేస్తుంటే, చేతికి గుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకున్న ఖాజావలి అరబీలో అన్నాడు. "రక్తం తుడిచి పెట్టండి. అట్లాగే వదిలేస్తే ఉక్కును తినేస్తుంది."

పోలీసు అతని వంక పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు.

ఆస్పత్రి నుంచి ప్రొద్దుటూరులో ఉన్న భార్య మహబూబ్బీకి ఫోన్ చేశాడు.

"ఈడుంటే కత్తులని గదా నిన్ను ఆడికి పంపించింది," అంది ఆమె. "ఆడ నువ్వే కొని పెట్టుకున్యావా?"



దెబ్బతిన్నవాళ్లు క్షమిస్తే శిక్ష తగ్గుతుందక్కడ. కోర్టులో జడ్జి అడిగినప్పుడు ఖాజావలి క్షమిస్తున్నానన్నాడు. అమెరోల్ పళ్లులేని నోటితో ఏదో అనబోయి ఏడ్చాడు. సరిపాడా కూడా తల వంచుకునే క్షమించానన్నాడు. సరిపాడా పెద్దమనసును అందరూ మెచ్చుకున్నారు. అమెరోల్ కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. తర్వాత అతన్ని స్వదేశానికి పంపేశారు.

ఊరు చేరిన వారంలోనే అమెరోల్‌ను చంపేశారు. ఆ ఫోటోను ఖాజావలికి తెచ్చి చూపించింది సరిపాడాయే. మట్టి రోడ్డు మీద బోర్లా పడిన మనిషి, విరిగి వంకరగా అతికిన మోచెయ్యి. సరిపాడా నవ్వుతున్నాడు.

"ఇక్కడ జైల్లో ఉంటే మావాళ్లకెట్లా దొరుకుతాడు? అందుకే క్షమించాను," అన్నాడు.

ఖాజావలి వేళ్లన్నీ ఉన్న కుడిచేత్తో అతని చెంప మీద కొట్టాడు. సరిపాడా తూలి లేతుకు గుద్దుకున్నాడు. తిరిగి కొట్టలేదు. కాసేపటికి అక్కడే కూర్చుని వెక్కడం మొదలుపెట్టాడు. ఇక చావాల్సిన వంతు తన తమ్ముడిదట. అమెరోల్ తమ్ముడు నోరోదిన్ అప్పుడే తుపాకి పట్టుకుని తిరుగుతున్నాడట.

మర్నాడు ఖాజావలి అబూ తుర్కీ దగ్గరికి వెళ్లాడు. ఒక్క వీసా కావాలన్నాడు.

"ఎవరికి? సరిపాడా తమ్ముడికా?"

"కాదు సార్. నోరోదిన్‌కు. చంపాల్సినోడు ఇక్కడికొస్తే, చావాల్సినోడు అక్కడ బతుకుతాడు."

అబూ తుర్కీ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. రియాద్ పక్క సులైలో తన తమ్ముడి వర్క్‌షాపుంది, అక్కడ పెట్టిస్తానన్నాడు. కానీ ఆ కత్తుల్లో ఒక్కటి కూడా తన గోడ మీద ఉండకూడదన్నాడు. రియాద్‌లో తన స్నేహితుడొకాయన పాత ఆయుధాలు సేకరిస్తాడు, ఆయనకిచ్చెయ్యమన్నాడు. ఖాజావలి ఒప్పుకున్నాడు. ఒక్కోదానికీ నూనె పూసి, గుడ్డలో చుట్టి, తనే పెట్టెలో సర్దాడు. చెంచయ్య సాయం రాబోతే వద్దన్నాడు.

జీతం కోసం తుపాకి పక్కన పెట్టి నోరోదిన్ వచ్చిన కొన్ని వారాలకు ఖాజావలి బస్సెక్కి సులై వెళ్లాడు. సన్నగా, అన్న పోలికలతోనే ఉన్నాడు నోరోదిన్. అతను ఖాజావలి ఎడమచేతిని చాలాసేపు చూశాడు.

"మా అన్న నరికిందేనా?"

"అవును."

"మా అన్న పళ్లు రాలగొట్టింది నువ్వేనా?"

"నేనే."

షెడ్డులో ఎవరో రేకు కోస్తున్నారు.

"అక్కడే ఉంటే ఏం చేసేవాడివి?" అని ఖాజావలి అడిగాడు.

"సరిపాడా తమ్ముణ్ని చంపేవాణ్ని."

"ఇప్పుడు?"

"సెలవు మీద పోయినప్పుడు చంపుతాను," అన్నాడు నోరోదిన్, పని గురించి చెప్పినంత మామూలుగా.

"సెలవు రెండేళ్లకు గానీ రాదు," అన్నాడు ఖాజావలి. "పద, ముందు అన్నం తిందాం."

నోరోదిన్ చేతులు తుడుచుకుని అతని వెంట నడిచాడు.