సున్నం కింద వెంటిలేటరు

ఏటా నవంబరు రెండో శనివారం మా ఇంట్లో గ్యాసు తనిఖీ. క్రిస్మస్‌కి సున్నాలు వేయించే ముందే అది అయిపోవాలి. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. తేదీ పెట్టని పని జరగదని నా అనుభవం. రబ్బరు ట్యూబు మీద అచ్చువేసిన గడువు చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. రెగ్యులేటరుకీ, పైపు అతుకులకీ సబ్బునురుగు పూసి వంద లెక్కపెడతాను. బుడగ లేస్తే లీకు, లేవకపోతే పాసు. మా ఎదురింటి వదినగారు, "పొయ్యిక్కూడా పబ్లిక్ పరీక్ష పెట్టేరండీ మీరు" అని ఏడాదికోసారి నవ్వుతారు.

ఆ పరీక్షలో స్నానాలగదిలో ఉన్న గ్యాస్ గీజరు కూడా ఏటా పాసయ్యేది. నీళ్లు కాచే కరెంటు కడ్డీతో ఒకసారి షాకు తగిలిందని మా అక్క పట్టుబట్టి దాన్ని పెట్టించింది. భర్త పోయాక అక్క రాజోలులో నా దగ్గరే ఉండేది. తొమ్మిదేళ్ల కిందట, డిసెంబరు ఇరవై ఒకటి పొద్దున్న, ఆ గదిలోనే పోయింది. నీళ్ల చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే పిలిచాను. పలకలేదు. పక్కింటివాళ్లు వచ్చి గడియ విరగ్గొట్టారు. బీపీ మనిషి కదా, గుండె ఆగిందన్నారు డాక్టరుగారు. అందరం నమ్మాం.

ఆ గడియ నేను మళ్లీ పెట్టించలేదు. ఒంటరిదాన్ని, ఎవరు చూస్తారు? తలుపు జానెడు తీసే ఉంచి స్నానం చేస్తాను. కొళాయి తిప్పగానే గీజరు టక్ టక్‌మని, భుగ్గున వెలిగినప్పుడల్లా, అక్క లోపలే ఉందనీ, నేను వంతు కోసం బయట నిలబడ్డాననీ అనిపించేది. తొమ్మిదేళ్లూ అంతే.

మొన్న నవంబరులో పాత మెకానిక్కు మోకాళ్ల నొప్పులని రాలేదు. అంబాజీపేట నుంచి వేరే ఆయన్ని పంపించాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నా సబ్బునురుగు చూసి తల ఊపాడు గాని, అక్కడితో ఆగలేదు. గీజరు వెలిగించి, వంగి మంట చూశాడు. నీలంగా ఉండాల్సింది పసుపుగా ఉందన్నాడు. మూత విప్పితే బర్నరు నిండా మసి. తర్వాత గది నాలుగు గోడలూ చూసి, గాలి పోయేదెక్కడండీ అని అడిగాడు.

తలుపు పైన చూపించాను. అక్కడ తెల్లటి గోడే ఉంది. ఆయన స్టూలెక్కి స్క్రూడ్రైవరు పిడితో కొట్టాడు. డొల్లగా మోగింది. గోకితే పొరలు పొరలుగా సున్నం రాలింది. ఏడాదికో పూత. దాని కింద క్యాలెండరు అట్ట.

"ఎవరు మూసేరండీ దీన్ని?"

"నేనే," అన్నాను.

అప్పటిదాకా నాకు అది గుర్తు లేదు. చూడగానే అంతా గుర్తొచ్చింది. అక్క పోయిన ఏడు మంచు ముందే పడింది. స్నానంలో వీపుకి చలిగాలి కొడుతోందని అక్క అనేది. సున్నాలవాళ్లు వచ్చేరోజు పొద్దున్నే పిండి ఉడికించి అట్ట అంటించాను. వాళ్లు గోడతోపాటు దాని మీదా పూసేశారు. మర్నాడు అక్క స్నానం చేసి వచ్చి, "ఇప్పుడు వెచ్చగా ఉందే," అంది.

మెకానిక్కు స్టూలు మీద నుంచే నెమ్మదిగా చెప్పాడు. "గ్యాసు లీకైతే వాసనొస్తుందండీ. మీరు చూసేది అదే. మూసిన గదిలో మంట సరిగ్గా మండకపోతే వచ్చే విషగాలికి వాసనుండదండీ. మనిషికి తల నొప్పెడుతుంది, మత్తొస్తుంది, అంతే. మీకెప్పుడూ రాలేదా?"

తలుపుకి గడియ లేదని చెప్పాను. అదే మిమ్మల్ని కాపాడిందండీ అన్నాడు. గడియ ఎందుకు లేదో చెప్పాక ఆయన స్టూలు దిగాడు. అక్క దానివల్లే పోయిందా అని నేనే అడిగాను. "ఇప్పుడెవరం చెప్పగలమండీ," అన్నాడు. గీజరు కనెక్షను తీసేసి వెళ్లాడు.

నేను అక్క బీపీ పుస్తకం తీశాను. రోజూ బీపీ, పక్కన ఆమె చెప్పిన బాధలు, అన్నీ నా చేతి రాతే. నోటుబుక్కులో సున్నాల కూలి రాసిన తేదీ ప్రకారం అట్ట అంటించింది నవంబరు ఇరవై ఎనిమిది. దానికి ముందు రెండు నెలల్లో తలనొప్పి రెండుసార్లు. తర్వాత ఇరవై మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు. అందులో ఎనిమిది స్నానం అయ్యాకే. అంతా వరసగా రాసింది నేనే. కలిపి చూడలేదు.

ఆ పుస్తకం ఒళ్లో ఉండగానే ఇంకొకటి గుర్తొచ్చింది. అక్క కూతురు అమలాపురంలో టీచరు. నాది చూసే తనూ స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టించుకుంది. కిందటేడు, పాప చలికి వణుకుతోంది పిన్నీ అంటే, వెంటిలేటరుకి థర్మోకోలు పెట్టమన్నది నేనే. మీ అమ్మకి కూడా అలాగే మూశానని మాత్రం అనలేదు. అప్పటికి మర్చిపోయాను. పాప ఆడుకుని వచ్చి సాయంత్రం ఆరింటికి స్నానం చేస్తుంది.

నాలుగున్నరకి ఫోను చేశాను. థర్మోకోలు తీసెయ్యమని చెబితే చాలు, కారణం చెప్పనక్కర్లేదనుకున్నాను. ఆ మాటే అన్నాను. తీస్తాలే అంది. తర్వాత, "నువ్వే కదా పెట్టమన్నావ్, ఇప్పుడేమైంది?" అని నవ్వింది. ఊరికే అని ఉంటే రేపెప్పుడో తీసేది, లేదా మర్చిపోయేది. మొత్తం చెప్పాను.

ఫోనులో స్టూలు ఈడ్చిన చప్పుడు, థర్మోకోలు విరిగిన చప్పుడు వినిపించాయి.

"ఏ రోజు మూసేవు పిన్నీ?"

చెప్పాను.

"అమ్మ పోయిన రోజు పొద్దున్న నాతో ఫోనులో మాట్లాడింది. తల పగిలిపోతోంది, వేణ్ణీళ్లు పోసుకుంటే తగ్గుద్దేమో అంది. పోసుకోమన్నాను," అంది. ఫోను పెట్టేసింది. నెల రోజులు మళ్లీ చెయ్యలేదు.

డిసెంబరు ఇరవై ఒకటిన అక్క జ్ఞాపకార్థం మా ఇంట్లో ప్రార్థన పెట్టాం. పాస్టరుగారు కాక పదకొండు మంది. అక్క కూతురు కూడా వచ్చింది. నాకేసి చూడకుండా నేరుగా స్నానాలగదికి వెళ్లి, తలుపు పైన తెరుచుకున్న సందుకేసి చూస్తూ నిలబడింది. ఏటా నేను లేచి, మా అక్క గుండె ఆగి ప్రభువు దగ్గరికి వెళ్లింది అని మొదలుపెడతాను. ఈసారి ఆ మాట అనలేకపోయాను. అట్ట సంగతి, తలనొప్పుల సంగతి అందరి ముందూ చెప్పాను. దానివల్లే పోయిందో లేదో తెలియదని కూడా చెప్పాను. గీజరున్న ప్రతి ఇంట్లో ఈ సాయంత్రమే వెంటిలేటరు చూసుకోమన్నాను. ఎదురింటి వదినగారు ఒక్కరే, "ఆయ్, చూస్తామండీ," అన్నారు.

అందరూ వెళ్లాక అక్క కూతురు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అంది: "అమ్మ వెచ్చగా ఉండాలనే మూసేవు. నాకు తెలుసు పిన్నీ. కానీ నేను ఇంకొన్నాళ్లు రాలేను."

సరేనమ్మా అన్నాను. ఎన్నాళ్లని అడగలేదు.