అమ్మమ్మ కత్తెర, ఆసుపత్రి తారీఖు

నిలువుకాళ్ళ మీద నిద్రపోతూ, చేతిలో కత్తెరతో, గీత తప్పకుండా నలభై చొక్కాలు కత్తిరించగల మనిషి ఈ భూమ్మీద మా అమ్మమ్మ ఒక్కతే. నమ్మనివాళ్ళు తమ చొక్కా విప్పి చూసుకోవచ్చు, ఆమె కత్తిరించిందే అయి ఉంటుంది.

నలభై చొక్కాల సంగతి నిజమే. గీత తప్పలేదన్నదీ నిజమే. తప్పిందల్లా చేతులు.

అమ్మమ్మ ఒక దర్జీ దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా కటింగ్ చేస్తోంది. కుట్టేవాళ్ళు ఇద్దరు, కాజాలు తీసే ఆయన ఒకడు, వాళ్ళందరికీ యజమాని. అందరికంటే ఎత్తుగా అమ్మమ్మ బల్ల. ఆ బల్ల దగ్గర కుర్చీ ఉండదు, అది నిలబడి చేసే పని. చొక్కా చేతులు కత్తిరించేటప్పుడు బట్టను ముఖానికి ముఖం పెట్టి, అంటే పైవైపులు రెండూ కలిసేలా మడవాలి. అప్పుడే ఒకటి కుడిది, ఒకటి ఎడమది వస్తాయి. ఈ మాట దుకాణంలో ఇస్త్రీపెట్టెకు కూడా తెలుసు. ఆ నలభై చొక్కాల రోజు మాత్రం అమ్మమ్మ కునుకులోనే బడిపిల్లల చొక్కాల గుడ్డను పొరలన్నీ ఒకే వైపుగా పరిచి కత్తిరించేసింది. మొత్తం ఎనభై చేతులు. ఎనభయ్యీ ఎడమవే.

యజమాని అరిచే మనిషి కాదు. భయమంతా అందుకే. "అక్కా, ఇంకొక్కసారి ఇలాగైతే బల్ల కాజాలాయనకి ఇచ్చేస్తాను. మీరు బొత్తాలు కుట్టుకుందురు గాని," అన్నాడు.

తప్పు అమ్మమ్మది కాదు, ఆమె ఊపిరిది. నిద్రలో అది ఆగిపోతుంది. ఇద్దరం ఒకే గదిలో పడుకుంటాం కనక నాకు తెలుసు. గురక బండిలా సాగి సాగి, ఠక్కున ఆగుతుంది. నేను వేళ్ళు మడుస్తాను. చేతివేళ్ళు అయిపోయి కాలివేళ్ళ దాకా వచ్చేసరికి నా ప్రాణం పోతుంది, అప్పుడు ఆమె ప్రాణం తిరిగొస్తుంది. రాత్రంతా ఊపిరితో కుస్తీ పట్టిన మనిషి పగలు కునుకు తీయక ఏం చేస్తుంది? డాక్టరు ఐదు నిమిషాల్లో సంగతి కనిపెట్టాడు. ఆసుపత్రిలో ఒక రాత్రి పడుకుని పరీక్ష చేయించుకోవాలన్నాడు, తర్వాత ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఇస్తారన్నాడు. పరీక్షకు తారీఖు మాత్రం ఐదు నెలల తర్వాత దొరికింది. ఆ ఐదు నెలలూ ఎలాగో ఈడ్చుకొస్తే, పరీక్ష చేసే మనిషి ఉద్యోగం మానేశాడని ఇంకో మూడు నెలలు జరిపారు.

వెల్లకిలా పడుకోకూడదని ఎవరో చెబితే, నైటీ వీపుకు జేబు కుట్టి అందులో రబ్బరు బంతి పెట్టుకుంది. జేబు చూడముచ్చటగా కుదిరింది, దానికో బొత్తం కూడా పెట్టింది. తెల్లారి చూస్తే బొత్తం ఊడి బంతి మంచం కింద ఉంది, ఆమె వెల్లకిలా ఉంది. పగలు దుకాణంలో బల్ల చుట్టూ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. మెడ మీద తడిగుడ్డ వేసుకుంటుంది, మధ్యాహ్నం సగం కడుపే తింటుంది, కత్తెర వేసేముందు "కుడి, ఎడమ" అని పైకే చెప్పుకుంటుంది. బస్సులో సీటిచ్చినా కూర్చోదు. ఒకసారి కూర్చుని చివరి స్టాపు చూసొచ్చింది.

ఎనిమిదో తరగతితోనే చదువుకు దండం పెట్టిన నాకు ఆమె అప్పజెప్పిన పని ఒకటుంది. రోజూ పొద్దున్నే ఆసుపత్రికి ఫోను చేసి, ఎవరైనా రావడం మానుకున్నారా అని అడగాలి. ఫోనెత్తే ఆవిడ నేను గొంతు సవరించుకోగానే గుర్తుపట్టేది. ఇవాళ కూడా ఎవరూ మానలేదమ్మా అని నేను అడక్కముందే చెప్పేది. జనం ఇంత బుద్ధిగా ఆసుపత్రికి వస్తారని నాకు అప్పటిదాకా తెలియదు.

పోయిన మంగళవారం మధ్యాహ్నం ఆవిడే ఫోను చేసింది. ఎవరో మానుకున్నారు, ఆరింటిలోపు వస్తే ఆ మంచం మీకే అంది. నేను దుకాణానికి పరిగెత్తేసరికి ఆరు పొరల గుడ్డలో కత్తెర సగం దూరి ఉంది. మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సిన సరుకు అది. పొరల్లోకి దిగిన కత్తెరను మూల తిరగకుండా తీయకూడదు, తీస్తే పొరలు జారిపోతాయి. యజమాని గడియారం చూశాడు, ఆమెను చూశాడు. వెళ్తే వెళ్ళండి, మిగిలింది కాజాలాయన చూసుకుంటాడన్నాడు. ఆ మాటకు అర్థం గుండుసూదులకు కూడా తెలిసింది.

అమ్మమ్మ మూల దాకా కత్తిరించింది. అంతసేపూ నేను నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడ్డాను. మూల తిరిగాక కత్తెర తుడిచి, కాజాలాయన చేతిలో పెట్టి, "ముఖానికి ముఖం. మర్చిపోకు," అంది.

ఆరుకు ఐదు నిమిషాలుండగా చేరాం. తర్వాతి సంగతి చెబితే నవ్వుతారు. ఇన్ని నెలలుగా నిలబడ్డచోటల్లా నిద్రపోయిన మనిషికి, తలకూ ఛాతీకీ తీగలు అంటించి మెత్తటి మంచం మీద పడుకోబెడితే నిద్ర రాలేదు. బల్ల దగ్గర ఏం జరుగుతోందో అనుకుంటూ పైకప్పు చూస్తూ ఉండిపోయిందట. ఎలాగో చివర్లో రెండు గంటలు కన్ను మూతపడింది. ఆ రెండు గంటల్లోనే ఊపిరి డెబ్భైసార్లు ఆగిందని చెప్పి, ఇది చాలన్నారు. ఇక మిషను రావాలి. దానికి ఆరు వారాలు, ఇంకా ఎక్కువైనా పట్టవచ్చన్నారు.

దుకాణానికి తిరిగి వెళ్ళేసరికి సరుకు వెళ్ళిపోయింది. చేతులు కుడీ ఎడమా సరిగ్గానే వచ్చాయి. కాజాలాయన బల్ల దగ్గరే ఉన్నాడు. మిషను వచ్చేదాకా బొత్తాలు చూసుకోండి అక్కా, తర్వాత సంగతి తర్వాత అన్నాడు యజమాని. అమ్మమ్మ టేపు మెడలో వేసుకుని బల్ల రెండో చివరకు వెళ్ళి గుడ్డ పరిచి గీతలు గీయడం మొదలుపెట్టింది. కాజాలాయన తన గుడ్డ కాస్త అటు లాక్కున్నాడు. మూడు రోజులుగా అలాగే నడుస్తోంది. యజమాని పొమ్మనడు, ఉండమనడు.

చూడలేక నిన్న నేనే వెళ్ళి బతిమాలాను. "ఆరు వారాలే కదా అమ్మమ్మా. హాయిగా కుర్చీలో కూర్చుని బొత్తాలు కుట్టుకోరాదూ? ఎందుకీ పంతం?"

గీత మీంచి తల ఎత్తకుండానే అంది: "కూర్చుంటే నిద్రపోతానే, మొద్దూ. పక్కకు జరుగు, వెలుతురుకి అడ్డం."