సుందరం మొహమాటం

మా సుందరం నార్వే దేశస్థుడు. అసలు పేరు సోండ్రె. నేను అరోరా అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంటికి వచ్చిన రోజు, బేస్‌మెంట్ మెట్లెక్కి తలుపుకి తల తగలకుండా వంగి వచ్చి నమస్కారం పెట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడు. తెల్లటి మొహం, ముందుపన్ను ఒకటి లేదు.

"అమ్మా, ఇతను సోండ్రె. ఐస్ హాకీ ప్లేయర్. సీజన్ అయ్యేదాకా మనింట్లోనే స్టే చేస్తాడు" అన్నాడు మా ఫణి.

"సుందరమా? చక్కటి పేరు" అన్నాను.

మా మనవరాలు నైనిక పడీ పడీ నవ్వింది. "నానమ్మా, సుందరం కాదు, సోండ్రె!"

నా నోటికి సుందరమే వచ్చింది, అదే ఉండిపోయింది. వాడూ ఆ పేరుకే పలికాడు. నైనికని చూసి నన్ను నానమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. వాళ్ళ భాషలో నాన్నకి అమ్మని 'ఫార్‌మూర్' అంటారట. ఆ మాట విడదీస్తే అచ్చంగా నాన్న, అమ్మ అనే వస్తుందట. ఆ సంగతి విన్నాక వాణ్ణి పరాయివాడిగా చూడడం నా వల్ల కాలేదు.

ఈ దేశంలో ఇదొక పద్ధతి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి కుర్రాళ్ళ హాకీ జట్లలో చేరిన పిల్లల్ని ఆ ఊళ్ళో వాళ్ళే ఇంట్లో పెట్టుకుని తిండి పెడతారు. నైనిక స్కేటింగ్ నేర్చుకునే చోట కోచ్ మా ఫణిని అడిగాడు. ఎవరైనా అడిగితే కాదనే నోరు మావాడికి ఎక్కడుంది? వాళ్ళ నాన్నా అంతే. నాకు మాత్రం అలాంటివేం లేవు. ఉన్నమాట మొహం మీదే అనేస్తాను.

వచ్చిన వారంలోనే నేను కనిపెట్టాను, ఈ పిల్లాడు సరిగ్గా తినడం లేదని. ఒక్క దోసె తింటాడు, 'నో, థాంక్యూ' అంటాడు, లేచి పళ్ళెం కడుక్కుంటాడు. మా కోడలు రాగిణి మంచిదే, కానీ వద్దంటే వద్దనే అనుకుంటుంది. ఒకరోజు మధ్యాహ్నం చెత్తబుట్ట కోసం గరాజ్ తలుపు తీస్తే, మెట్టు మీద కూర్చుని ఉత్త బ్రెడ్డు ముక్కలు నములుతూ కనబడ్డాడు. నేనున్న ఇంట్లో పిల్లాడు పస్తులుండడమా! ఇది మా తెనాలిలో తెలిస్తే నలుగురూ నా మొహాన ఉమ్మరూ?

"లోపలికి నడు" అన్నాను తెలుగులోనే. వాడికి అర్థమైంది.

మూడు దోసెలయ్యాక పళ్ళేనికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఓర్నీ, అనుకున్నాను. మా వైపు విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వద్దని కాదు అర్థం, ఇంకోసారి అడగమని. చెయ్యి పక్కకి తోసి నాలుగోది వేశాను. తిన్నాడు. అయిదోదీ తిన్నాడు.

"దీన్ని మొహమాటం అంటారు" అని చెప్పి, ఇంగ్లీషులో ఏమంటారో వాడికి చెప్పమన్నాను నైనికని. అది తల గోక్కుంది. "షై? కాదు. పొలైట్? అది కూడా కాదు నానమ్మా. ఇంగ్లీష్‌లో లేదు."

సుందరం మాత్రం వెంటనే అందుకున్నాడు. ఆ జబ్బు వాళ్ళ ఊరంతటికీ ఉందట. నువ్వు పక్కవాడికంటే గొప్పవాడివనుకోకు, ముందు వాడికివ్వు, ఇదే వాళ్ళ తాతగారు వాడికి నేర్పిన మొదటి పాఠమట. "మొహోమాతమ్" అని రెండుసార్లు అనుకుని జేబులో వేసుకున్నట్టు తలూపాడు.

అప్పటి నుంచీ సాయంత్రం టిఫిను దగ్గర వాడి కథంతా కొంచెం కొంచెంగా రాబట్టాను. వాడు చెబుతుంటే నైనిక తెలుగు చేసేది. వాళ్ళది సముద్రం కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన చిన్న ఊరు. నాన్న పడవల రిపేరు షెడ్డులో పని చేస్తాడు, అమ్మ నర్సు. నడక వచ్చిన ఏడాదే తాతగారు గడ్డకట్టిన చెరువు మీద స్కేట్లు తొడిగించి వదిలారట. పదహారేళ్ళకే ఊరి జట్టులో గడ్డాలు పెరిగిన మగవాళ్ళతో ఆడాడు. మరుసటేడు దేశం తరఫున కుర్రాళ్ళ జట్టుకి ఎంపికయ్యాడు. ఆ ఊరి నుంచి అంతదాకా వెళ్ళినవాడు వీడొక్కడేనట. ఆ సంగతి కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు, అదీ నేల చూపులు చూస్తూ.

ఇక్కడి కుర్రాళ్ళ జట్టులో వయసు హద్దుంది. ఇదే వాడికి ఆఖరి సీజన్. ఈలోగా ఏదైనా కాలేజీ కోచ్ చూసి స్కాలర్‌షిప్‌తో సీటిస్తే ఆట, చదువు రెండూ సాగుతాయి. లేదంటే తిరిగెళ్ళి నాన్నతో షెడ్డులో చేరాలి. "అదీ మంచి పనే" అన్నాడు. కానీ ఆ మాట అంటూ చట్నీలో వేలు తిప్పుతూనే ఉన్నాడు. అబ్బే, వాడి మనసంతా మంచు మీదే ఉంది.

ఒకరోజు నేనూ ఆట చూడ్డానికి వెళ్ళాను. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, పైన శాలువా. నాకు హాకీ ఏం తెలుసు? నల్లటి రబ్బరు బిళ్ళ, దాన్ని వలలో కొడితే గోలు, అంతే. ఆ మాత్రం చాలు. మావాడు అందర్నీ దాటుకుని గోలు దాకా వస్తాడు. ఎదురుగా వల ఖాళీ. తీరా అక్కడికొచ్చాక బిళ్ళని పక్కనున్న కోడీ అనే కుర్రాడి కర్ర దగ్గరికి తోసేస్తాడు. ఒకసారి కాదు, ఆటంతా అంతే. ఆ దూరం నుంచి నేను చెప్పుకాలితో తన్నినా పడేది! నాకు ఒళ్ళు మండిపోయింది.

కారులో నిలదీశాను. "కోడీ కూడా ఖాళీగానే ఉన్నాడు నానమ్మా" అని నైనిక చేత చెప్పించాడు.

"అది ఆట కాదురా వెర్రినాగన్నా, మొహమాటం!"

నవ్వేశాడు.

సంక్రాంతి వెళ్ళిన వారం మిన్నెసోటా నుంచి ఒక కాలేజీ కోచ్ ఆట చూడ్డానికి వచ్చాడు. ఆయన దగ్గర ఒకే సీటు ఉందని అందరికీ తెలుసు. ఆఖరి నిమిషాల్లో బిళ్ళ సుందరానికి దొరికింది, గోల్‌కీపర్ బోర్లా పడి ఉన్నాడు. నేను లేచి నిలబడి అరిచాను. "కొట్టరా సుందరం! మొహమాటం వద్దు, కొట్టు!" చుట్టూ ఉన్నవాళ్ళంతా నావైపే చూశారు. చూడనీ. వాడు బిళ్ళని కోడీకి తోశాడు. కోడీ గోలు కొట్టాడు. హాలంతా కోడీ, కోడీ అని గోల. నేను కూలబడిపోయాను.

మర్నాడు ఆ కోచ్ మా ఇంటికి వచ్చాడు. కోడీ ఇంటికి వెళ్ళి అటునుంచి వచ్చాడట. భారీ మనిషి, భోజనాల బల్ల దగ్గర కుర్చీ నిండిపోయింది. నైనిక వంటింటి గుమ్మంలో నిలబడి నా చెవిలో ఒక్కో మాటా తెలుగు చేసి చెబుతోంది.

"నిన్న ఆ పాస్ చూశాను. నీలాగా ఆటని ముందే చూసేవాళ్ళు తక్కువ. కానీ ఖాళీ వల ముందు కూడా కొట్టనివాణ్ణి తీసుకుని నేనేం చేసుకోను? చెప్పు, ఆ సీటు నీకే ఎందుకివ్వాలి?" అన్నాడాయన.

సుందరం బల్ల వైపు చూస్తూ, "కోడీ చాలా బాగా ఆడతాడు. గోల్ కొట్టింది కూడా కోడీయే" అన్నాడు.

అయ్యో రామా! ఇంకా ఆగితే కోడీ ఫోన్ నంబరు కూడా ఇచ్చేలా ఉన్నాడు. నేను పెనం మీది పెసరట్టు తీసుకుని వెళ్ళాను. కోచ్‌కి వేశాను. సుందరం పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"తియ్యి చెయ్యి" అన్నాను. "బతుకంతా ముందుంది, ఇక్కడా మొహమాటం?"

నావైపు చూశాడు. మెల్లగా చెయ్యి తీశాడు. అట్టు వేశాను.

అప్పుడు కోచ్ వైపు తిరిగి, "ఆ సీటు నాకు కావాలి. ఖాళీ వల నాకు అందరికంటే ముందు కనిపిస్తుంది. నిన్న నేనే కొట్టాల్సింది. ఇకనుంచి కొడతాను" అన్నాడు. ఆ మాటలు అనేసరికి చెవులు ఎర్రబడిపోయాయి పిల్లాడికి.

కోచ్ నన్ను చూపించి, "ఆవిడ ఏమన్నారు?" అని అడిగాడు.

సుందరం ఇంగ్లీషు మాట కోసం వెతుక్కున్నాడు. "తీసుకో అన్నారు."

చెప్పినట్టే ఆ తర్వాతి ఆటల్లో కొట్టాడు. నాకు గొంతు పోయింది. ఫిబ్రవరిలో ఫోనొచ్చింది, సీటు వాడికే. కోడీకి మిషిగన్‌లో ఇంకో కాలేజీ దొరికింది. దొరక్కపోయి ఉంటే మావాడు సంతోషంగా ఒక్క ముద్ద తినేవాడు కాదు.

ఇక నా ప్రయాణం దగ్గర పడింది. ఈ ఊళ్ళో సుందరం ఆడే ఆఖరి ఆట, సరిగ్గా నేను విమానం ఎక్కిన రెండు రోజులకి. ఆ రోజు ఆటగాళ్ళు తమకి తిండి పెట్టిన ఇంటివాళ్ళని మంచు మీదకి పిలిచి చేతికి పువ్విస్తారట. నైనిక ఆ సంగతి పదిసార్లు చెప్పింది.

"అమ్మా, వీసా టైం ఇంకా ఉంది కదా, టికెట్ చేంజ్ చేయనా?" అన్నాడు ఫణి.

"ఎందుకురా, ఆటలకేం, ఎప్పుడూ ఉండేవే" అన్నాను. రాగిణి వాళ్ళమ్మ ఆ వారమే దిగుతోంది. ఆవిడకి గది కావాలి. కూతురి ఇంటికి వస్తున్న మనిషికి నేను అడ్డం ఎందుకు?

"ఉండండి అత్తయ్యా, అమ్మ నైనిక రూమ్‌లో పడుకుంటుంది" అంది రాగిణి. మాటవరసకి అందేమోననుకుని, "వద్దులేమ్మా, బట్టలు కూడా సర్దేశాను" అన్నాను. నవ్వుతూనే అన్నాను కానీ చేతిలో దోసె ముక్క పళ్ళెంలోనే పెట్టేశాను.

సుందరం పొయ్యి దగ్గర ఉన్నాడు. దోసెలు పొయ్యడం నా దగ్గరే నేర్చాడు. అట్లకాడ మీద దోసె పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆకలి లేదని నేను పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాను.

వాడు కదల్లేదు. మా మాటలన్నీ వాడికి అర్థమయ్యాయో లేదో తెలీదు, నా చెయ్యి మాత్రం అర్థమైంది.

"నానమ్మా" అన్నాడు. "తియ్యి చెయ్యి. మొహోమాతమ్."

ఫణి, రాగిణి, నైనిక ముగ్గురూ నావైపే చూస్తున్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి తీశాను.

"ఫణీ, టికెట్ మార్చరా. నాకు ఆ ఆట చూడాలనుంది" అన్నాను.

దోసె ఒకపక్క మాడింది. మొత్తం తిన్నాను.